మా అత్తగారు వినిపెట్టిన పాటలు

కార్తీకమాసం చివర్లో ఒక ఉదయం, కాలేజీలో పిల్లలకి టెస్టు పేపర్లు పంచుతుండగా మావారు ఫోన్ చేశారు. నేను క్లాసులో ఉండే వేళ ఆయన ఫోన్ చెయ్యరు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు.

ఆ పొద్దున నేను కాలేజీకి బయల్దేరేటప్పటికి మా అత్తగారు వీధి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆ కుర్చీలోనే, ఒళ్ళో పళ్ళెం ఉండగానే, తల గోడకి ఆన్చి అలా ఉండిపోయారట. పక్కింటి పిన్నిగారు గేటు దగ్గర్నుంచి పలకరించారట. ఈమధ్య ఆవిడకి వినికిడి తగ్గింది కదా, వినపడలేదేమో అనుకుని లోపలికొచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా సంగతి ఎవరికీ తెలియలేదు. మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. పుణ్యాత్మురాలని వచ్చినవాళ్ళందరూ అన్నారు.

పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీద ఉన్న ఊరు మాది. కొంచెం వరిచేను, కొంచెం కొబ్బరితోట ఉన్న ఇంటికి ఆవిడ కోడలిగా వచ్చి, ఆ ఇంట్లోనే ముసలివారయ్యారు. మా పిల్లలని అడిగితే ఆవిడ చేసే పనసపొట్టు కూర గురించి చెబుతారు. మావారినడిగితే తుఫానుకి తోట పడిపోయినప్పుడు ఆవిడ గుండె నిబ్బరం గురించి చెబుతారు. నన్నడిగితే క్రిస్మస్ పాటల సంగతి చెబుతాను. నిష్ఠగా ధనుర్మాసం పట్టే మనిషికీ క్రిస్మస్ పాటలకీ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే కూర్చున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు, మొదటి ధనుర్మాసం. ఇంకా వెలుతురు రాకముందే ఆవిడ లేచి వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేవారు. కొత్తకోడలిని కదా, నేనూ లేచి ముగ్గు గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు మంచు బాగా పట్టింది. ఎదురింటి గోడ కూడా కనబడటం లేదు. ఆ మంచులోంచి పిల్లల గొంతులు వినిపించాయి. మా వీధి చివర మిషన్ వాళ్ళ మగపిల్లల హాస్టలు ఉంది. గోదావరి లంక గ్రామాల పిల్లలు, అమ్మా నాన్నా లేని పిల్లలు ఉండి చదువుకుంటారు. డిసెంబరు వచ్చిందంటే వాళ్ళు తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ ఊళ్ళోని క్రైస్తవుల ఇళ్ళకి వెళతారు. ముందు ఒక పిల్లాడు వెదురుకర్రకి కట్టిన కాగితం నక్షత్రం పట్టుకుంటాడు. వెనక పాటల మాస్టారు హార్మనీ పెట్టెని తువ్వాలుతో మెడకి తగిలించుకుని వాయిస్తూ నడుస్తారు. మిగతా పిల్లలు మంకీ క్యాపులు, మఫ్లర్లు చుట్టుకుని రెండు వరసల్లో వస్తారు. ఎప్పుడో దొరల కాలంలో వచ్చిన రాగాలు, మాటలు మాత్రం మన తెలుగు.

మా అత్తగారు ముగ్గు వేస్తున్నవారు వేస్తున్నట్టే ఆగిపోయారు. వేళ్ళ మధ్య పిండి అలాగే ఉంది. పిల్లలు మా గుమ్మం దాటి, కాలవ వంతెన ఎక్కి, మంచులో కలిసిపోయారు. పాట కూడా నెమ్మదిగా వినపడటం మానేసింది. ఆవిడ అప్పుడు మళ్ళీ వంగి ముగ్గు పూర్తి చేశారు. మొహంలో కొంచెం అసంతృప్తి కనిపించింది. ఏమైనా తప్పు చేశానేమోనని నేను భయపడ్డాను కూడా.

మర్నాడు పిల్లలు వచ్చే వేళకి ఆవిడ గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళి మాస్టారికి ఎదురుగా నిలబడ్డారు. పాట ఆగిపోయింది. మాస్టారు కంగారుపడ్డారు.

"నిద్ర పాడవుతోందాండీ? మీ ఇంటి దగ్గర మెల్లిగా పాడమంటానండి."

"అది కాదండీ. మా గుమ్మం ముందు ఎందుకు ఆగరు మీరు?"

"మీరు హిందువులు కదండీ. ఏమనుకుంటారోనని..."

"ఏమనుకుంటామండీ. రోజూ సగం పాటే వినాల్సొస్తోంది. మీరు నడుస్తూ పాడతారు, ఆఖరి చరణం కాలవ అవతల అయిపోతోంది. పాట సగంలో తీసుకెళ్ళిపోతే ఎలాగండీ?"

మాస్టారు నవ్వారు. ఆరోజు మా వాకిట్లో, సగం వేసిన ముగ్గు పక్కన నిలబడి పిల్లలు రెండు పాటలు మొదలునుంచి చివరిదాకా పాడారు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద మెల్లగా కదులుతూ ఉంది. తాళం వేస్తున్నారని నాకు అర్థమయింది. ఆవిడకి సంగీతం వచ్చని ఆ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. తర్వాత తెలిసింది, పెళ్ళికి ముందు రాజమండ్రిలో కొన్నేళ్ళు నేర్చుకున్నారని. అప్పటికి మా ఇంట్లో ఆవిడ పాడగా విన్నవాళ్ళు లేరు. మంగళహారతి కూడా పెదవులు కదుపుతూ ఊరుకునేవారు.

అప్పటినుంచి ఏటా పిల్లలు మా గుమ్మం ముందు ఆగేవారు. ఆ చలిలో పాడి వెళ్ళే పిల్లలకి ఏదైనా పెట్టాలి కదా. ధనుర్మాసం కనక పొద్దున్నే పొయ్యి మీద పొంగలి ఉండేది. ఒకరోజు ఆవిడ గిన్నె దింపగానే, నైవేద్యం పెట్టకుండానే, పెద్ద గరిటెతో సగం పొంగలి వేరే గిన్నెలోకి తీసేశారు. నేను ఉండబట్టలేక అడిగాను.

"అత్తయ్యగారూ, దేవుడికి పెట్టకముందే తీసేశారేంటండీ?"

"పెట్టాక ఇస్తే అది ప్రసాదం అవుతుందమ్మాయ్. ఆ పిల్లల్లో కొంతమంది తినరు. తినమని మనం ఇస్తే వాళ్ళకి ఇబ్బంది."

"ముందే తీస్తే మరి..."

"ముందే తీస్తే నాకు ఇబ్బంది. నా ఇబ్బంది నేను పడతాలే."

ఆ తర్వాత ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి, మిగిలిన పొంగలి ముందు కూర్చుని, రోజూ కన్నా కాస్త ఎక్కువసేపే దణ్ణం పెట్టుకున్నారు. నేను ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఎదుటివాళ్ళ నమ్మకాన్ని గౌరవించడం గురించి ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకొకటి నాకు తగల్లేదు.

అలాగని ఆవిడకి ఆ పాటలన్నీ మొదట్లోనే నచ్చాయని కాదు. ముందు వరస చిన్నపిల్లలు పై గొంతులో పాడుతుంటే, వెనక వరస పెద్దపిల్లలు అదే పాటని కింద ఇంకో దారిలో పాడేవారు. అది ఆవిడకి గిట్టేది కాదు. "వెనక పిల్లలు తప్పు పాడుతున్నారు, మాస్టారు చెప్పరేంటో" అని నాతో అనేవారు. రెండో ఏడో మూడో ఏడో, ఇక ఆగలేక మాస్టారితోనే అనేశారు. ఆయన నొచ్చుకోలేదు.

"తప్పు కాదండి, వాళ్ళ పాటే అదండి. రెండూ కలిపి ఒక పాటండి" అన్నారు. వెనక వరస వాళ్ళని మాత్రమే పాడమన్నారు. విడిగా వింటే దానికి రుచీ పచీ లేదు. ముందు వరసని పాడమన్నారు. తర్వాత ఇద్దరినీ కలిపారు. మా అత్తగారు తల వంచుకుని విన్నారు. ఇంకోసారి పాడమన్నారు. మూడోసారి కూడా పాడించుకున్నారు. పిల్లలకి స్కూలుకి ఆలస్యమవుతోందని నేను సైగ చేస్తే గాని వదల్లేదు.

ఆరోజు మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ అన్నారు, "ఇద్దరు మనుషులు ఒకేసారి రెండు మాటలు మాట్లాడితే మనకి గోలగా ఉంటుందమ్మాయ్. వాళ్ళు మాట్లాడుతూనే ఒకళ్ళనొకళ్ళు వింటున్నారు. అందుకే గోలగా లేదు."

వినడం అంటే ఆవిడకి తీరిక వేళ చేసే పని కాదు. ఎవరైనా మనసులో మాట చెప్పడానికి వస్తే చేతిలో పని కింద పెట్టేసేవారు. కుళాయి చుక్కలు పడుతుంటే లేచి వెళ్ళి బిగించి వచ్చేవారు. నా మొదటి కానుపు నిలవలేదు. ఆ రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళందరూ నాకు ఏదో ఒకటి చెప్పారు. దేవుడున్నాడన్నారు, వయసుందన్నారు, ఫలానా డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లోకి వెళ్ళి గడప మీద కూర్చున్నాను. ఆవిడ పొయ్యి మీద పులుసు మరుగుతోంది. నా మొహం చూసి పొయ్యి ఆపేశారు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. నేను చెప్పడం మొదలెట్టాను. ఆసుపత్రిలో జరిగింది, అంతకుముందు నేను అనుకున్నవి, పెట్టుకున్న పేరు, అన్నీ చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఊరుకోమనీ అనలేదు. సాయంత్రం అయింది. మామగారు భోజనానికి ఆలస్యమయిందని కేకలేస్తే, "పులుసు మరగలేదండీ" అన్నారు. నాకు ఆరోజు ఊపిరి అందింది. ఇంతకన్నా దాని గురించి రాయలేను.

ఇక అసలు సంగతి. మామగారు పోయిన కొన్నేళ్ళకి, ఒక డిసెంబరు మొదట్లో పాటల మాస్టారు మోటారుసైకిలు మీదనుంచి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి భీమవరంలో ఆపరేషన్ అయింది. ఆయన ఇంట్లో మంచం మీద ఉన్నారు. ఆ ఏడు పిల్లల పాటలు లేవనీ, ఆటోకి పెద్ద బాక్సులు కట్టి రికార్డు పాటలు వేసుకుంటూ తిరుగుతారనీ మా పాలబ్బాయి చెప్పాడు. మా అత్తగారు ఆ సాయంత్రం మంచి చీర కట్టుకుని, నన్ను తోడు రమ్మన్నారు. ఎక్కడికో చెప్పలేదు. తిన్నగా హాస్టలుకి వెళ్ళారు. అన్నేళ్ళు అదే వీధిలో ఉండి ఆవిడ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదలు.

వార్డెన్ గారు కుర్చీలు వేయించారు. ఈ ఏడు పిల్లల పాటలు లేవట కదా అని ఆవిడ అడిగారు. "నిజమేనండీ" అన్నారు. "మాస్టారు లేకుండా ఎవరు నేర్పుతారండీ. పిల్లలకి పాటలు వచ్చు, కాని చెప్పే మనిషి లేకపోతే ఎవరిష్టం వాళ్ళది అయిపోతుందండి."

"నేను వినిపెడతానండీ" అన్నారు మా అత్తగారు.

ఆయనకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు.

"మీ పాటలు నాకు రావండీ. నేర్పలేను. ఇన్నేళ్ళు విన్నాను కనక ఎక్కడైనా తప్పితే తెలుస్తుంది. పిల్లలు పాడతారు, నేను కూర్చుని వింటాను. తప్పితే చెయ్యెత్తుతాను. ఎలా సరిచేసుకోవాలో వాళ్ళకే తెలుస్తుంది."

వార్డెన్ గారు తలూపారు కాని, చర్చి సంఘపెద్ద ఒకాయన కూడా అక్కడ ఉన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు. "ఏమీ అనుకోకండమ్మా. మీకు అది సంగీతం. మాకు అది ప్రార్థనండి."

"మీరన్నది నిజమేనండీ" అన్నారు మా అత్తగారు. "మీ ప్రార్థన నేను చెయ్యలేను. అందుకే పాడతాననట్లేదు. వింటానంటున్నాను."

ఆయన ఇక అడ్డు చెప్పలేదు. మర్నాటినుంచి సాయంత్రం పూట హాస్టలు భోజనాల హాల్లో ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ, ఎదురుగా రెండు వరసల్లో పిల్లలు. నేను కాలేజీ నుంచి వస్తూ ఆవిడని తీసుకురావడానికి అక్కడికే వెళ్ళేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని ఉండేవారు. పాట తిన్నగా వెళుతున్నంతసేపూ కదిలేవారు కాదు. ఎక్కడో ఒక గొంతు జారితే చెయ్యి లేచేది. పాట ఆగేది. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, గుసగుసలాడుకుని, మళ్ళీ ఎత్తుకునేవారు. మొదట్లో ఆ చెయ్యంటే భయపడ్డారు. కొన్నాళ్ళకి చెయ్యి లేవకముందే వాళ్ళకి వాళ్ళే ఆగిపోవడం మొదలెట్టారు. "మామ్మగారూ, నాదేనండి తప్పు" అని ఎవడో ఒకడు చెప్పేసేవాడు. ఆవిడ నవ్వేవారు.

ఊరు ఊరుకుంటుందా. భీమవరంలో చేపల చెరువులు చేసే మా బావగారు ఒక ఆదివారం కారేసుకుని వచ్చారు.

"ఏంటమ్మా ఇది? నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. ధనుర్మాసం పూజ మానేసి హాస్టలు చుట్టూ తిరగడం ఏంటి?"

"పూజ మానేశానని ఎవరన్నార్రా పెద్దాడా? పొద్దున పూజ పొద్దున అవుతోంది. సాయంత్రం సీరియల్ మానేసి వెళ్తున్నాను. అనుకునేవాళ్ళని అది కూడా కలుపుకోమను."

బావగారికి నవ్వొచ్చింది. కోపంగా వచ్చిన మనిషి పెసరట్టు తిని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "అమ్మ ఇంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదమ్మా. కానీయండి" అన్నారు.

కష్టం ఇంకోవైపు నుంచి వచ్చింది. పిల్లల్లో ఆశీర్ అని ఒకడు ఉండేవాడు. లంకలోంచి వచ్చినవాడు. వాడి గొంతే ఆ బృందానికి ప్రాణం. నక్షత్రం గురించిన పాట ఒకటి ఉంది, మొదటి చరణం వాడు ఒక్కడే పాడాలి. తర్వాత అందరూ కలుస్తారు. ఒక సాయంత్రం వాడు ఆ చరణం పాడుతూ ఉంటే పై మెట్టు దగ్గర గొంతు బొంగురుపోయి విరిగింది. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అదే చోట విరిగింది. జలుబు చేసిందన్నాడు. మా అత్తగారు ఆరోజు చెయ్యెత్తలేదు. ఇంటికి వస్తూ దారిలో, "జలుబు కాదమ్మాయ్. గొంతు మారుతోంది పాపం" అన్నారు.

మర్నాడు వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వార్డెన్ గారు పిలిపిస్తే తలనొప్పన్నాడు. మూడోరోజు మా అత్తగారే వెళ్ళి, హాస్టలు వెనక బట్టలు ఉతికే గట్టు మీద కూర్చున్నవాణ్ణి పట్టుకున్నారు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"పాడ్డానికి రావట్లేదేంటి బాబూ?"

"నా గొంతు పోయిందండి మామ్మగారూ. ఇంక రాదండి."

"పోలేదు. కిందకి దిగింది. వెనక వరసలో నిలబడు."

"వెనక వాళ్ళ పాట ఎవరికీ వినపడదండి." వాడి కళ్ళు నిండిపోయాయి. "నా పాట మా అమ్మకిష్టమండి. ఏటా పండక్కి చర్చికి వచ్చి వినేదండి. ఈ ఏడు ఏం వింటుందండి?"

ఆవిడ వాడి పక్కనే ఆ తడి గట్టు మీద కూర్చున్నారు. తర్వాత, ఇన్నేళ్ళలో మా ఎవరికీ చెప్పని మాట వాడికి చెప్పారు.

"నేనూ చిన్నప్పుడు పాడేదాన్ని. మా మాస్టారు నన్ను కచేరీలో కూర్చోబెడతానన్నారు. ఈలోగా పెళ్ళయింది. నాకు గొంతు మారలేదు బాబూ, ఊరు మారింది. ఇక్కడ పాడితే ఎవరేమంటారోనని ఒక ఏడు ఊరుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఏడు ఊరుకున్నాను. ఎవరూ వద్దనలేదు. నేనే మానేశాను. మానేశాక మళ్ళీ మొదలెట్టడం ఉంది చూశావూ, అది చాలా కష్టం. నావల్ల కాలేదు. నువ్వు మానకు. ఏ వరసలోనైనా నిలబడు, మానకు."

వాడు లేచి వచ్చాడా అంటే అప్పుడు రాలేదు. మర్నాడు సాయంత్రం పాట సగంలో ఉండగా వచ్చి, వెనక వరస చివర నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. అయినా వాడు గొంతు కలిపిన క్షణం ఆవిడకి తెలిసింది. మొహం మారింది.

నక్షత్రం పాట మొదటి చరణం ఎత్తుకోమని ముందు వరసలో అందరికన్నా చిన్నవాణ్ణి పెట్టారు. వాడికి గొంతుంది గాని ధైర్యం లేదు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చిలో పిల్లల పాటలు. పాస్టరు గారు మనిషిని పంపి మరీ పిలిచారు. ఆవిడా నేనూ వెళ్ళి వెనకాల తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. పాటల మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. లంకలోంచి వచ్చిన ఆడవాళ్ళ మధ్య ఆశీర్ వాళ్ళమ్మ ఎవరో నాకు తెలియదు. అందరి మొహాలూ వెతుకుతూ కూర్చున్నాను.

చిన్నవాడు పాట ఎత్తుకున్నాడు. మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"బాగానే పాడుతున్నాడు కదండీ" అన్నాను చెవిలో.

"శ్రుతి ఎక్కువ పెట్టాడమ్మాయ్. కంగారులో. ఈ చరణం ఎలాగో లాగుతాడు. అందరూ కలిశాక పై మెట్టు ఎవరికీ అందదు."

"మరి ఏం చేస్తారు?"

ఇప్పుడు చెయ్యెత్తడానికి లేదు. చిన్నవాడు చరణం ముగించాడు. అందరూ కలవాల్సిన చోట ఒక్క క్షణం ఎవరూ ఎత్తుకోలేదు. ఆ ఖాళీలో వెనక వరస చివర్నుంచి ఒక బొంగురు గొంతు, మాటలు లేకుండా, ఒక మెట్టు కింద ఉన్న శ్రుతిని మెల్లగా పట్టుకుని నిలిపింది. ఆశీర్. వాడి పక్కవాళ్ళు అది అందుకున్నారు. వాళ్ళ నుంచి ముందు వరస అందుకుంది. చిన్నవాడు కూడా దిగి వచ్చి అందులో చేరాడు. రెండో చరణం మొదలయింది. పై మెట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు దాన్ని అనాయాసంగా దాటేశారు. పాట తెలియనివాళ్ళకి ఏమీ జరిగినట్టే లేదు. మా అత్తగారు నా చెయ్యి వదిలారు. నా చేతి మీద ఆవిడ గోళ్ళ గుర్తులు పడ్డాయి.

పాటలయ్యాక ఆశీర్‌ని వెనక వరసలోకి ఎవరు పంపారని మాస్టారు అడిగారు. పిల్లలు మా వైపు చూపించారు. ఆవిడ కొంచెం జంకుతూ వెళ్ళి ఆయన కుర్చీ దగ్గర నిలబడ్డారు. "నేనైతే ఈ పండగ దాకా వాడిచేతే లాగించేవాణ్ణండి" అన్నారు ఆయన. "ఆశ కదండీ. గొంతు చెడిపోయేది." ఆశీర్ వాళ్ళమ్మ తర్వాత వచ్చి మా అత్తగారి చేతులు పట్టుకుని, "వెనక్కి వెళ్ళినా నా కొడుకు గొంతు నాకు తెలిసిందండి" అంది. ఆవిడకి అంతకు మించిన సన్మానం ఎప్పుడూ జరగలేదు. జరగాలనీ అనుకోలేదు.

మాస్టారు మరుసటి ఏడాదికి కర్ర సాయంతో తిరిగి వచ్చారు. అయినా డిసెంబరు సాయంత్రాలు మా అత్తగారి కుర్చీ ఆ హాల్లో అలాగే ఉండిపోయింది. ఆయన నేర్పేవారు, ఈవిడ వినిపెట్టేవారు. ఆశీర్ పాలిటెక్నిక్ చదివి ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో మెషీన్లు చూస్తున్నాడు. ఆదివారాలు చర్చిలో పాడతాడు. ఆవిడ పోయినరోజు అందరికన్నా ముందు వచ్చినవాళ్ళలో వాడు ఒకడు. పాడె మోయడానికి భుజం ఇస్తానంటే మా బావగారే పక్కకి జరిగి చోటిచ్చారు.

గత మూడు నాలుగేళ్ళుగా ఆవిడకి వినికిడి తగ్గుతూ వచ్చింది. చెవికి మిషను పెట్టించాం. పెట్టుకుని పిల్లల పాట విని, "రేకుడబ్బాలో చింతగింజలు పోసి ఆడించినట్టుందమ్మాయ్" అని తీసి పక్కన పెట్టేశారు. మనిషి మాటకైతే పెట్టుకునేవారు, పాటకి పెట్టుకునేవారు కాదు. పోయిన డిసెంబరులో ఇక హాస్టలుదాకా నడవలేకపోయారు. పిల్లలే తెల్లవారుజామున మా గుమ్మంలోకి వచ్చారు. వసారాలో కుర్చీ వేసి, శాలువా కప్పి కూర్చోబెట్టాను. రెండు పాటలయ్యాయి. బాగా వినపడుతోందా అని సైగతో అడిగాను.

"పైన పాడే చిన్నపిల్లలు వినపడట్లేదమ్మాయ్" అన్నారు. "వెనక పిల్లలే వినపడుతున్నారు. ఫర్వాలేదు. పై పాట నాకు తెలుసు కదా."

నక్షత్రం పాట మొదలయింది. కాసేపటికి పిల్లల గొంతుల మధ్య ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, అరిగిపోయి, కాని శ్రుతి తప్పకుండా. నేను తిరిగి చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని పాడుతున్నారు. తనకి వినపడని ఆ పై వరస పాటని మనసులో పాడుకుంటున్నానని అనుకుంటున్నారు. గొంతు బయటికి వస్తున్న సంగతి ఆవిడకి తెలియదు. మావారు లోపలినుంచి వచ్చి గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. ఆయన వయసంతటిలో వాళ్ళమ్మ పాట వినడం అదే మొదటిసారి.

పాట అయిపోయింది. పిల్లలు ఆగారు. మాస్టారు హార్మనీ మీదనుంచి చేతులు తీశారు. ఆవిడ ఆగలేదు. అయిపోయిందని ఆవిడకి తెలియలేదు. ఆఖరి చరణం ఇంకోసారి ఎత్తుకున్నారు. ఒక పిల్లాడు ఏదో అనబోతే పక్కవాడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాకిట్లో మంచు ఇంకా విడలేదు. రెండు వరసల పిల్లలూ టోపీలు చెవుల మీదనుంచి పైకి జరుపుకుని, కదలకుండా నిలబడి విన్నారు.